ఓటు పెడితే జెండా మారుతుందా? జెండాలు కుట్టేవాడి సమాధానం

చిత్తూరులో డిజైన్ చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "న్యూజిలాండ్ తన జాతీయ జెండా మార్చాలా వద్దా అని ప్రజలనే అడిగింది. మన దగ్గర అలాంటి ఓటు పెడితే జనం మారుస్తారా? మీరైతే మారుస్తారా? కాలేజీలో ఈ విషయం మీద చర్చ ఉంది. మన జెండాకు వేరే డిజైన్ గీసి చూపిస్తే తప్పవుతుందా?"

నేనైతే మార్చను. ఓటు పెట్టినా మనవాళ్లు మార్చరు. మన జెండా లోకంలోకెల్లా అందమైనదన్న ధీమాతో ఈ మాట అనడం లేదు. దేశాల జెండాలు మారిన సందర్భాలు తిరగేసి చూడండి. డిజైన్ బాగాలేదన్న ఒక్క కారణంతో మారినవి దాదాపు కనిపించవు. ఆ జెండా కింద నిలబడటం ఇక తమ వల్ల కాదని జనంలో ఎక్కువమందికి అనిపించినప్పుడు మారాయి, లేదా పాలకులు మారినప్పుడు మారాయి. ఆ ఇబ్బంది పెద్దగా లేనిచోట తీరిగ్గా ఓటు పెడితే పాతదే గెలిచింది.

ఇంతకీ నేనెవరో చెప్పాలి. తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో మాది జెండాల కుట్టుపని. నాన్న మొదలుపెట్టారు, నేను కొనసాగిస్తున్నాను. జులై నుంచి పంద్రాగస్టు దాకా జాతీయ జెండాలు, ఎన్నికలొస్తే పార్టీల జెండాలు, జాతరలప్పుడు గుడి జెండాలు, నవంబరు ఒకటి కన్నడ రాజ్యోత్సవానికి ముందు పలమనేరు అవతలి నుంచి వచ్చేవారికి పసుపు-ఎరుపు కన్నడ జెండాలు. ప్రభుత్వ కార్యాలయాలు అడిగితే హుబ్బళ్లి దగ్గర బెంగేరి ఖాదీ కేంద్రం నుంచి తెప్పించి ఇస్తాం. నేను డిజైన్ చదువుకోలేదు. నాకు తెలిసింది గుడ్డ, దారం, రంగు. కాబట్టి నా సమాధానం అటువైపే మొగ్గుతుంది, సర్దుకుని చదవండి.

ముందు న్యూజిలాండ్ సంగతి. అప్పటి ప్రధాని జాన్ కీ 2014లో ఈ ఆలోచన ఎత్తారు. జెండా మూలన బ్రిటన్ జెండా ఎందుకు, పైగా ఆస్ట్రేలియా జెండాకూ మనదానికీ తేడా తెలియడం లేదు అన్నది ఆయన వాదన. మాట సబబే. జనం నుంచి డిజైన్లు పిలిస్తే పది వేలకు పైగా వచ్చాయి. వాటిలో కళ్లలోంచి లేజర్ కిరణాలు వదులుతున్న కివి పక్షి కూడా ఉంది. అదే అన్నిటికంటే ఎక్కువ పేరు తెచ్చుకుంది! చివరికి ఐదింటిని నిలబెట్టి 2015 చివర్లో మొదటి ఓటు పెట్టారు. నలుపు, తెలుపు, నీలం రంగుల మీద వెండి ఫెర్న్ ఆకు, నాలుగు నక్షత్రాలు ఉన్నది గెలిచింది. 2016 మార్చిలో ఆ గెలిచినదాన్ని పాత జెండాతో పోటీకి పెట్టారు. 56.6 శాతం మంది పాతదే చాలన్నారు. దాదాపు రెండున్నర కోట్ల న్యూజిలాండ్ డాలర్లు ఖర్చయ్యాయి.

ఎందుకు ఓడిపోయింది? జెండా ఓటు కాస్తా ప్రధాని మీద ఓటుగా మారింది. ఆయన పార్టీ అంటే గిట్టనివాళ్లలో చాలామంది, బ్రిటన్ గుర్తు వద్దనుకునేవాళ్లు సైతం, కొత్తదానికి వ్యతిరేకంగా వేశారు. మాజీ సైనికుల సంఘం "మావాళ్లు ఈ జెండా కింద ప్రాణాలిచ్చారు" అని గట్టిగా నిలబడింది. వీటన్నిటికంటే నాకు ముఖ్యంగా తోచేది ఒకటుంది. ఓటరు చేతికి ఐదు బొమ్మలిచ్చి ఏది బాగుందో చెప్పమన్నారు. మీ ఇంటిపేరు కంటే వినసొంపైన ఇంటిపేర్లు ఊళ్లో బోలెడు ఉంటాయి. ఐదింటిని రాసిచ్చి ఒకటి ఎంచుకోమంటే ఎంచుకుంటారేమో గానీ, రేపటి నుంచి దానితోనే సంతకం పెట్టమంటే పెడతారా?

ఫిజీ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 2015లో అక్కడి ప్రధాని బైనిమరామ జెండాలోంచి బ్రిటన్ గుర్తు తీసేస్తామని ప్రకటించారు. పోటీ పెట్టారు, డిజైన్లు వచ్చాయి, గడువులు జరుగుతూ పోయాయి. 2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్‌లో ఫిజీ రగ్బీ సెవెన్స్ జట్టు ఫైనల్లో 43-7తో నెగ్గి ఆ దేశానికి మొట్టమొదటి ఒలింపిక్ పతకం, అదీ బంగారు పతకం, తెచ్చింది. ఓడినది ఎవరనుకున్నారు? బ్రిటన్. మూలన బ్రిటన్ గుర్తున్న ఆ లేత నీలి జెండానే వీధివీధినా జనం ఊపారు. ఆ ఉత్సాహం చూశాక ప్రభుత్వం మార్పు ఆలోచన విరమించుకుంది. ఏ డిజైన్ నిపుణుడూ ఇవ్వలేని విలువను ఆ జెండాకు ఒక్క ఆట ఇచ్చింది.

మరి కెనడా మార్చుకుంది కదా అని మీ చర్చలో ఎవరో ఒకరు లేస్తారు. లేవాలి కూడా. అది మంచి ఉదాహరణ, కానీ వివరం తెలుసుకుని వాడండి. 1956లో ఈజిప్టులోని సూయెజ్ కాలువ గొడవ సద్దుమణగడానికి కెనడా శాంతి సైనికులను పంపబోతే ఈజిప్టు అడ్డు చెప్పింది. ఈజిప్టు మీద దాడి చేసినవాళ్లలో బ్రిటన్ ఒకటి. కెనడా జెండా మూలన ఉన్నది బ్రిటన్ జెండాయే. మా దేశంలోకి శాంతి పేరుతో ఆ గుర్తు వేసుకుని వస్తారా అన్నారు. అప్పుడు విదేశాంగ మంత్రిగా ఉన్న లెస్టర్ పియర్సన్‌కు ఆ మాట తగిలింది. తర్వాత ఆయన ప్రధాని అయ్యారు. 1964లో విన్నిపెగ్‌లో మాజీ సైనికుల సభకే వెళ్లి కొత్త జెండా కావాలన్నారు, అక్కడ గేలి చేయించుకున్నారు. పార్లమెంటులో నెలల తరబడి వాదులాట నడిచింది. ఆయనకు ఇష్టమైన డిజైన్‌లో అటూ ఇటూ నీలి పట్టీలు, మధ్య మూడు మేపుల్ ఆకులు. కమిటీ దాన్ని పక్కనపెట్టి ఎరుపు-తెలుపులో ఒకే ఆకున్నదాన్ని ఎంచింది. ఆయన పట్టుబట్టలేదు. 163-78 ఓట్లతో నెగ్గి 1965 ఫిబ్రవరి 15న ఎగిరింది. అంత జరిగినా ఒంటారియో, మానిటోబా రాష్ట్రాలు మూలన బ్రిటన్ గుర్తున్న పాత ఎర్రజెండా నమూనానే తమ జెండాగా పెట్టుకున్నాయి. ఈ రోజుకీ అవే.

అంటే కెనడాలో ప్రజలను నేరుగా అడగలేదు. అవసరం కళ్లెదుట ఉంది. నాయకుడు తన బొమ్మను వదులుకున్నాడు. న్యూజిలాండ్‌లో ఈ మూడూ తిరగబడ్డాయి.

మార్చి తీరాల్సిన జెండాలూ ఉన్నాయి. ఇక్కడ నాకు రెండో అభిప్రాయం లేదు. దక్షిణాఫ్రికా 1928 నాటి జెండా చూడండి. నారింజ, తెలుపు, నీలం పట్టీల మధ్య మూడు చిన్న జెండాలు, మూడూ తెల్లవాళ్ల రాజ్యాలవే. దేశంలో అత్యధికులైన నల్లవారికి అందులో చోటే లేదు. 1994 ఎన్నికలు ముంచుకొస్తున్నాయి. అంతకుముందే జనం నుంచి పిలిచిన ఏడు వేల డిజైన్లలో ఒక్కటీ కుదరలేదు. ఫ్రెడరిక్ బ్రౌనెల్ అనే అధికారి గీసినదాన్ని మార్చి మధ్యలో ఖాయం చేసి ఏప్రిల్ 27న ఎగరేశారు. నెలన్నర కూడా లేదు. జెండాలు కుట్టేవాడిగా చెబుతున్నాను, అది మామూలు పని కాదు. ఆరు రంగులు, ఏటవాలు కోతలు, కోతల అంచుల వెంట సన్నటి పట్టీలు. తాత్కాలికం అనుకుంటూ ఎగరేసిన ఆ జెండాను తర్వాత రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఏ ఓటూ లేకుండానే జనం దాన్ని సొంతం చేసుకున్నారు.

అమెరికాలో మిసిసిపీ దేశం కాదు, రాష్ట్రం. అయినా చెప్పుకోవాలి. అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వం కోసం పోరాడిన పక్షపు గుర్తు దాని జెండాలో ఉండేది. 2001లో ఓటు పెడితే 64 శాతం మంది ఉంచమన్నారు. 2020లో శాసనసభే ముందు ఆ జెండాను రద్దు చేసి, మాగ్నోలియా పువ్వున్న కొత్తదాన్ని ఓటుకు పెడితే 70 శాతానికి పైగా సరేనన్నారు. ప్రశ్న అడిగిన తీరు గమనించారా? మొదటిసారి "పాతదా, కొత్తదా". రెండోసారి "పాతది పోయింది, ఇది సరేనా". కాలం కూడా మారింది, అది కాదనను. కానీ ఓటు చీటీ మీద పాతది ఉంటే అదే గెలుస్తుందన్న అనుమానం నాకు గట్టిగా ఉంది.

ఇక మన జెండా. చాలామంది మరిచిపోయేది ఏమిటంటే, మనం కూడా మార్చుకున్నవాళ్లమే. కాకపోతే అది దేశం ఇంకా చేతికి రాకముందు, జెండా రూపు కుదురుతున్న రోజుల్లో జరిగింది. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశంలో పింగళి వెంకయ్య గాంధీజీకి చూపించిన నమూనాలో ఎరుపు, ఆకుపచ్చ రెండే రంగులు. తెలుపు చేర్చమన్నది గాంధీజీ. రాట్నం వచ్చింది. అప్పట్లో ఒక్కో రంగు ఒక్కో మతానిదని చెప్పడంతో మా రంగేదని అడిగేవాళ్లు తయారయ్యారు. ఆ పేచీ తేల్చడానికి 1931లో ఏడుగురితో కమిటీ వేశారు. దాని కన్వీనర్ మన పట్టాభి సీతారామయ్య. ఆ కమిటీ ఏం సిఫారసు చేసిందో మీ క్లాసులో అడిగి చూడండి, ఒక్కరూ చెప్పలేరు. నిండుగా ఒకే కాషాయం, మూలన రాట్నం! పటేల్, నెహ్రూ, ఆజాద్ సభ్యులుగా ఉన్న కమిటీ అది. అయినా కాంగ్రెస్ ఒప్పుకోలేదు. ఆగస్టులో బొంబాయిలో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, మధ్యలో రాట్నం అని తేల్చి, రంగులకు మతాలతో సంబంధం లేదని కూడా తీర్మానంలో రాసుకున్నారు.

1947 జులై 22న రాజ్యాంగ సభలో రాట్నం పోయి అశోకచక్రం వచ్చింది. ఎందుకు? ధర్మం, సారనాథ్ స్తంభం, అశోకుడు అని పాఠ్యపుస్తకాల్లో ఉన్నదంతా నిజమే. తీర్మానం ప్రవేశపెడుతూ నెహ్రూ ఇంకో కారణం కూడా చెప్పారు. నాకు అదంటే మహా ఇష్టం. రాట్నానికి ఒక పక్క చక్రం, మరో పక్క కదురు ఉంటాయి. జెండాకు రెండు ముఖాలు. ఒకవైపు చక్రం కర్ర పక్కన ఉంటే, రెండోవైపు నుంచి చూసేసరికి అమరిక తారుమారవుతుంది. చక్రమొక్కటే ఉంచితే ఎటు చూసినా ఒకటే. చూశారా, దేశానికి గుర్తు ఎంచే సభలో దర్జీకి తట్టే ఇబ్బంది కూడా లెక్కలోకి వచ్చింది. రాట్నం తీసేయడం గాంధీజీకి మొదట అస్సలు నచ్చలేదు, అది వేరే సంగతి. అదే రోజు సభలో రంగుల గురించి, చక్రం గురించి మాట్లాడినవారిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఒకరు. ఆయన చిన్నప్పుడు చదువుకున్నది మన తిరుపతిలోనే. కాషాయం త్యాగానికి, తెలుపు సత్యమార్గానికి, ఆకుపచ్చ నేలతో మన బంధానికి, చక్రం కదలికకు అన్నది ఆయన వివరణ.

జెండాను గుడ్డ మీద, గాలిలో, రెండువైపుల నుంచీ చూడాలి. కాగితం మీద, ఫోను తెర మీద చూసి తీర్పు చెప్పడం మీ డిజైన్ విద్యార్థులు చేసే మొదటి పొరపాటు. బంగ్లాదేశ్ 1971లో ఎగరేసిన జెండాలో ఎర్రటి సూర్యుడి మధ్య పసుపు రంగులో దేశపటం ఉండేది. గుడ్డ వెనక్కి తిప్పితే పటం తిరగబడుతుంది. రెండువైపులా సరిగ్గా రావాలంటే రెండు పటాలు కుట్టాలి. 1972 జనవరిలో పటం తీసేశారు. సూర్యుడిని నట్టనడుమ కాకుండా కాస్త కర్ర వైపు జరిపి ఉంచారు, గాలికి జెండా అంచు ముడుచుకున్నా చూపుకు మధ్యలోనే ఉన్నట్టు కనబడుతుంది. ఇది కదా పనితనం!

మన నౌకాదళం అనుభవం కూడా ఇలాంటిదే. జాతీయ జెండా జోలికి ఎవరూ వెళ్లలేదు గానీ, నౌకాదళ పతాకం మటుకు స్వాతంత్ర్యం తర్వాత పలుమార్లు మారింది. బ్రిటిష్ కాలం నాటి ఎర్ర శిలువ అడ్డగీతలను 2001లో తీసేసి తెల్ల గుడ్డ మీద నీలి రంగు ముద్ర వేశారు. సముద్రం నీలం, ఆకాశం నీలం, ముద్ర నీలం. దూరం నుంచి ఏమీ ఆనడం లేదని 2004లో ఎర్ర గీతలు మళ్లీ తెచ్చారు. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో విక్రాంత్ నౌకను దళంలో చేర్చిన రోజున గీతలు పోయి, శివాజీ ముద్ర స్ఫూర్తితో ఎనిమిది కోణాల నీలి డాలు వచ్చింది, ఈసారి బంగారు రంగు అంచులతో. ఇన్నిసార్లు మారినా దేశంలో ఎవరూ వీధుల్లోకి రాలేదు. ఆ పతాకంతో మామూలు జనానికి రోజువారీ బంధం లేదు కాబట్టి. బంధం లేని జెండాను ఎన్నిసార్లయినా మార్చవచ్చు.

మా దుకాణంలో బడులకు ఎక్కువగా పోయేది 900 మిల్లీమీటర్ల పొడవు, 600 వెడల్పు ఉన్న జెండా. మూడు పట్టీలు సమానం, ఒక్కోటి 200. చక్రం వ్యాసం 185 ఉండాలని నిబంధన. అంటే చక్రానికి పైన ఏడున్నర, కింద ఏడున్నర మిల్లీమీటర్ల తెలుపు మాత్రమే మిగులుతుంది. ఇందులోనే కుట్టు కూడా పోకూడదు. మూడు పట్టీలు కుట్టాక చక్రం అద్దితే కుట్టు దగ్గర ఎత్తుపల్లాలకు సిరా చెదురుతుంది. అందుకే మేం తెల్ల పట్టీ మీద ముందు చక్రం అద్ది, రెండో ముఖం మీద అదే చోట పడేలా వెలుతురుకు పట్టి చూసి అద్ది, ఆరాక కుడతాం. కుట్టేటప్పుడు చేయి ఒక్క నూలుపోగు వెడల్పు జారితే చక్రం పైకో కిందికో ఒరిగినట్టు కనిపిస్తుంది. మామూలు కంటికి తెలియదంటారు, తెలుస్తుంది. ఏమిటో చెప్పలేరు గానీ ఏదో తేడాగా ఉందంటారు. ఇక వానలో కాషాయం తెలుపులోకి దిగుతుంది, తడిగా మడిచి పెట్టెలో పెడితే ఆకుపచ్చ మరకలు అంటుకుంటాయి. మధ్యలో తెలుపు పెట్టినవాళ్లు అన్నీ ఆలోచించారు గానీ ఆగస్టు వానల సంగతి ఆలోచించలేదు!

చిన్న సైజుల్లో ఇంకో చిక్కు. 225కి 150 జెండాలో చక్రం 40 మిల్లీమీటర్లే. అందులో 24 ఆకులు, అంటే చక్రం చువ్వలు. సిరా కొంచెం ఎక్కువైతే మధ్యలో నీలం ముద్ద కడుతుంది. డిజైన్‌గా చూస్తే మన జెండాలో లోపమంటూ ఉంటే నా లెక్కన ఇదొక్కటే. పిల్లవాడు గుర్తుపెట్టుకుని గీయలేడు. మా మనవరాలు చక్రంలో తనకు తోచినన్ని గీతలు గీసి పక్కన పెడుతుంది. అందుకని ఆకులు తగ్గించమంటానా? అనను. అశోకుడి స్తంభం మీద చెక్కిన చక్రానికి 24 ఉన్నాయి, ఆ లెక్కకు ఓ మూలం ఉంది.

మన జెండా ఆఫ్రికాలో నైజర్ జెండాను పోలి ఉంటుందని, అందుకైనా మార్చాలని కొందరంటారు. నైజర్ జెండాలో నారింజ, తెలుపు, ఆకుపచ్చ, నడుమ నారింజ బిళ్ల. పోలిక నిజమే. అది కారణమైతే రుమేనియా, చాద్ రెండూ ఎప్పుడో మార్చుకోవాలి. వాటి జెండాలను పక్కపక్కన పెడితే నాలాంటివాడు కూడా తడబడతాడు. ఇండోనేషియా, మొనాకోలదీ అదే కథ. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కు వెళ్లాక హైతీ, లీచ్‌టెన్‌స్టైన్ తమ జెండాలు ఒకటేనని తెలుసుకున్నాయి. మరుసటి ఏడాది లీచ్‌టెన్‌స్టైన్ ఒక కిరీటం కుట్టుకుని ఊరుకుంది. ఇలాంటి సర్దుబాటుకు దేశమంతా ఓటు అక్కర్లేదు. అసలు గొడవ ఇంకోటి: మనవాళ్లు అలంకరణ కోసం చక్రం లేకుండా మూడు రంగుల గుడ్డను నిలువుగా వేలాడదీస్తారు. అది అచ్చం ఐవరీ కోస్ట్ జెండా. తిప్పి కడితే ఐర్లాండ్‌ది. పంద్రాగస్టున తిరుపతి వీధుల్లో ఈ రెండు దేశాలూ ఎన్నిచోట్ల కనిపిస్తాయో!

మనవాళ్లు ఎందుకు మార్చరంటే, ఈ జెండా వాళ్ల చేతికి ఆలస్యంగా వచ్చింది. ఈ సంగతి మీ వయసువాళ్లకు తెలియకపోవచ్చు. ఒకప్పుడు సామాన్యుడు కొన్ని జాతీయ దినాల్లో తప్ప జెండా ఎగరేయడానికి వీల్లేదు. నవీన్ జిందాల్ అనే పారిశ్రామికవేత్త తన ఫ్యాక్టరీ మీద ఎగరేస్తే అధికారులు అడ్డుకున్నారు, ఆయన కోర్టుకెక్కారు. 2002 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన పతాక నియమావళితో పౌరులకు ఏడాది పొడవునా అనుమతి వచ్చింది. 2004 జనవరిలో సుప్రీంకోర్టు అది భావప్రకటన స్వేచ్ఛలో భాగమని తేల్చింది, గౌరవంగా ఎగరేయాలన్న షరతుతో. 2021 డిసెంబరు సవరణతో ఖాదీయే కాక పాలిస్టరు, యంత్రం మీద నేసినవి కూడా సరేనన్నారు. 2022 జులై సవరణతో ఇళ్ల మీద రాత్రి కూడా ఉంచవచ్చన్నారు. ఆ ఆగస్టులో మా సందులో కాలు పెట్టే చోటు లేదు. అడుగడుగునా పోరాడి, ఇన్నేళ్లకు గుమ్మం మీదికి తెచ్చుకున్నదాన్ని మార్చేద్దామంటే ఎవరు వింటారు?

పక్క రాష్ట్రం ఉదాహరణ కూడా చెబుతాను, నా గల్లాపెట్టెకు సంబంధించినది. 2018 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం పసుపు, తెలుపు, ఎరుపు పట్టీలతో, మధ్య రెండు తలల పక్షి గండభేరుండంతో రాష్ట్ర జెండా నమూనా ఆమోదించి కేంద్రానికి పంపింది. అంతకు దశాబ్దాల ముందు నుంచీ జనం వాడుతున్నది పసుపు-ఎరుపు రెండు రంగులదే. కొత్తదానికి గిరాకీ ఉంటుందేమోనని ములబాగిలు నుంచి వచ్చే పాత ఖాతాదారును అడిగాను. "కొత్తది ప్రభుత్వం కుట్టించుకుంటుంది, మాకు మాదివ్వండి అన్నా" అన్నారు. ఆ నవంబరులోనే కాదు, తర్వాత కూడా నా దగ్గర మూడు రంగులది అడిగినవాళ్లు లేరు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. "మార్చరు" అన్నంత మాత్రాన అందరూ ఒకే కారణంతో ప్రేమిస్తున్నారని కాదు. ఆ మూడు రంగుల్లో ఒక్కొక్కరు ఒక్కో అర్థం చూస్తారు, 1931 నాటి పేచీ మనసుల్లో పూర్తిగా చావలేదు. ఓటు పెట్టారే అనుకోండి, అడగని ప్రశ్నలకు కూడా జనం దాని మీదే జవాబు చెబుతారు. మారిటానియా 2017లో ప్రజాభిప్రాయ సేకరణతో జెండాకు పైన, కింద ఎర్ర పట్టీలు చేర్చింది. ఆ ఓటుతోనే సెనేటు, అంటే పార్లమెంటు ఎగువ సభ, రద్దును కూడా ముడిపెట్టారు. ప్రతిపక్షాలు బహిష్కరించాయి. అక్కడ నెగ్గింది జెండాయా, మరొకటా? న్యూజిలాండ్‌లో ఓడింది జెండాయా, ప్రధానా? ఇది తేల్చుకోకుండా శాతాలు చదివి చర్చలో నెగ్గాలని చూడకండి.

నాకు అధికారమిస్తే డిజైన్ ముట్టుకోను గానీ అమ్మకం మీద ఓ కన్నేస్తాను. నిబంధనల్లో తొమ్మిది సైజులున్నాయి, చక్రం కొలతతో సహా. బజారులో బండిళ్లకొద్దీ దొరికేవాటిలో చక్రం కోడిగుడ్డులా ఉంటుంది, కాషాయం ఎర్రగా ఉంటుంది, పొడవు వెడల్పులు మూడుకు రెండు కానే కావు. చంద్రగిరి వైపు ఒక బడి ప్రధానోపాధ్యాయిని అలాంటి కట్టొకటి తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇవి పిల్లల చేతికివ్వమంటారా?" అని నన్నే నిలదీశారు, నేను అమ్మినట్టు. ఖాదీ చూపించాను. బరువు, గాలి లేకపోతే కర్రకు అతుక్కుని వేలాడుతుంది అని ముందే చెప్పాను. పాలిస్టరు చిన్న గాలికే లేస్తుంది, తొందరగా ఆరుతుంది. ఆమె కర్రకు ఖాదీది, పిల్లలకు పాలిస్టరువి తీసుకెళ్లారు. సబబైన ఎంపిక.

ఇక డిజైన్ గీస్తే తప్పా అన్నది. త్రివర్ణాన్ని ఆమోదించింది రాజ్యాంగ సభ తీర్మానం. దాన్ని గౌరవించడం పౌరుల విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణలో ఉంది. అయితే కాగితం మీద వేరే జెండా ఊహించి గీయడాన్ని ఏ చట్టమూ నేరమనలేదు. అసలు జెండా గుడ్డ మీద మాత్రం గీయకండి, రాయకండి, రంగు వేయకండి, కత్తిరించకండి. 1971 నాటి చట్టం కింద అది నేరం, మూడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. ప్రదర్శనలో పోల్చి చూపడానికి అసలు జెండా పెడితే నేలకు తగలకుండా, పైన ఇంకేదీ లేకుండా, కాషాయం పైకి వచ్చేలా పెట్టండి.

గీసినదాన్ని ప్రదర్శనకు పెట్టే ముందు ఒక తెల్ల జేబురుమాలు మీద రెండువైపులా అద్దించి, కర్రకు కట్టి, మేడ మీద గాలికి వదిలి రోడ్డు అవతలి నుంచి చూడండి. రంగులు ఒకదానిలోకి ఒకటి మసకబారేలా కంప్యూటర్‌లో చేసినవి గుడ్డ మీదికి రావు, ముందే చెబుతున్నాను. పట్టీలు, ఒక గుర్తు, మూడు నాలుగు రంగులు అంతే అయితే పట్టుకురండి, కుట్టిస్తాను. జులైలో మాత్రం రావద్దు.